అనుమానానికీ రుజువుకూ మధ్య: పనిచేసేచోట మత్తు పరీక్షలు

షిఫ్టు మొదలై గంట అయింది. ఒక కార్మికుడు తూలుతున్నాడు. మాట తడబడుతోంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఫోర్‌మన్ దూరం నుంచి చూసి "వీడేదో వేసుకొచ్చాడు" అని తేల్చేశాడు. నిజంగా వేసుకొచ్చాడో, ఇంట్లో పిల్లవాడికి జ్వరమై మూడు రాత్రులుగా నిద్రలేదో, ఒంట్లో చక్కెర పడిపోయిందో ఆ క్షణంలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవడమెలా? తెలిశాక ఏం చెయ్యాలి? ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసానికి విషయం.

నేను ఈ కాలేజీలోనే కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, అనుకోకుండా ఫ్యాక్టరీల పర్సనల్ విభాగంలోకి వెళ్లినవాణ్ణి. ఇప్పుడు దాన్నే హెచ్.ఆర్. అంటున్నారు. పేరు మారినా ఛార్జిషీట్లు, ఎంక్వైరీలు, యూనియన్ వారితో వాదోపవాదాలు మారలేదు. సావనీరు కోసం ఏదైనా రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు ఈ విషయమే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇది చదివే విద్యార్థుల్లో కొందరు రేపు ఉద్యోగంలో చేరేముందు ఈ పరీక్షకు నిలబడతారు. కొందరు పరీక్ష చేయించే అధికారులవుతారు. మరికొందరు ల్యాబులో కూర్చుని రిపోర్టు మీద సంతకం పెడతారు. ముగ్గురికీ దీని లోగుట్టు తెలిసి ఉండాలి.

ఈ పరీక్షలు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఉద్యోగులకు మూత్ర పరీక్ష చెయ్యడమనే పద్ధతి పెద్దయెత్తున మొదలైంది అమెరికాలో. 1986లో ప్రెసిడెంట్ రీగన్, కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో మత్తు పదార్థాలు ఉండరాదని ఉత్తర్వు జారీ చేశాడు. మరుసటి సంవత్సరం, 1987 జనవరి 4న, మేరీలాండ్ రాష్ట్రంలోని చేజ్ అనే చోట కాన్‌రైల్ కంపెనీ ఇంజన్లు సిగ్నల్ దాటి వచ్చి ఒక ప్యాసింజర్ రైలుకు అడ్డుపడ్డాయి. 16 మంది చనిపోయారు. ఆ ఇంజన్ల మీద ఉన్న సిబ్బంది గంజాయి వాడినట్టు పరీక్షల్లో తేలింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. 1991లో రవాణా రంగంలో ప్రజల భద్రతతో ముడిపడిన ఉద్యోగాలు చేసేవారికి పరీక్షలు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది.

కోర్టుల్లో వాదనలు తక్కువేం జరగలేదు. రైలు ప్రమాదం తర్వాత సిబ్బందికి పరీక్ష చెయ్యడం రాజ్యాంగ విరుద్ధం కాదని 1989లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ప్రజల ప్రాణాలు చేతిలో ఉన్నవాడి విషయంలో ప్రభుత్వానికి అంత అధికారం ఉండొచ్చన్నది దాని తర్కం. అదే కోర్టు 1997లో మరో తీర్పు ఇచ్చింది. ఎన్నికల్లో పోటీచేసే అభ్యర్థులంతా మత్తు పరీక్ష చేయించుకోవాలని జార్జియా రాష్ట్రం పెట్టిన చట్టాన్ని కొట్టేసింది. అభ్యర్థుల్లో ఆ సమస్య ఉందనడానికి ఆధారమేదీ లేదంది. రాజకీయ నాయకులు తప్పించుకున్నారని నవ్వుకోవచ్చుగానీ, రెండు తీర్పులూ కలిపి చూస్తే ఒక సూత్రం దొరుకుతుంది: ప్రమాదం నిజమైనదై ఉండాలి, పరీక్షకు దానితో సంబంధం ఉండాలి.

మన దేశంలో సంగతి

అన్ని ఉద్యోగాలకూ మత్తు పరీక్ష చెయ్యాలని చెప్పే చట్టం మనకు లేదు. కొన్ని రంగాల్లో మాత్రం నియమాలున్నాయి. ఆర్టీసీ డిపోల్లో బస్సు ఎక్కేముందు డ్రైవరు చేత గొట్టంలోకి ఊదించడం మనందరికీ తెలుసు. రైల్వేలో లోకో పైలట్లకూ ఈ ఊదుడు పరీక్ష ఉంది. విమానం నడిపేవాళ్లు ప్రయాణానికి 12 గంటల ముందు నుంచీ మద్యం ముట్టకూడదు. మద్యం కాక ఇతర మత్తు పదార్థాల విషయంలో, పౌర విమానయాన డైరెక్టరేట్ నియమాలు 2022 జనవరి 31 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం సంస్థలు తమ పైలట్లలో, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లలో ఏటా కనీసం 10 శాతం మందికి, ఎవరికన్నది ముందుగా తెలియకుండా పరీక్ష చెయ్యాలి. ఇవి కాక, అమెరికన్ కంపెనీలకు పనిచేసే హైదరాబాదు, బెంగుళూరు సాఫ్ట్‌వేర్ సంస్థల్లో కొన్ని తమ క్లయింటు అడిగాడని కొత్త ఉద్యోగులను ల్యాబుకు పంపుతున్నాయి.

మన దేశంలో పెద్ద సమస్య ఏదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల వయసు వారిలో మద్యం తాగేవారు 14.6 శాతం. భంగు, గంజాయి, చరస్ వంటివి వాడేవారు 2.8 శాతం. నల్లమందు జాతివి వాడేవారు 2.1 శాతం. అంటే పనిచేసేచోట మత్తు అనగానే మొదట తలచుకోవలసింది సారానే. సూది మందుల గురించి సినిమాల్లో చూసి బెదిరిపోయే మేనేజర్లు, నైట్ షిఫ్టుకు ముందు గేటు బయట జరిగే వ్యవహారాన్ని చూడకుండా ఊరుకోవడం నేను చాలాచోట్ల గమనించాను.

సీసాలో ఏం కనిపిస్తుంది?

ఇక కెమిస్ట్రీ. మూత్ర పరీక్ష రెండు మెట్లుగా జరుగుతుంది. మొదటి మెట్టును ఇమ్యునోఎస్సే అంటారు. ఒక ప్రత్యేకమైన అణువును పట్టుకునే యాంటీబాడీని వాడతారు. తాళంలో తాళంచెవి పట్టినట్టు అణువు పడితే పాజిటివ్. చౌక, నిమిషాల్లో పని అయిపోతుంది. దీని లోపం కూడా అక్కడే ఉంది. ఆకారం దగ్గరగా ఉన్న వేరే అణువులూ ఒక్కోసారి ఆ తాళంలో ఇరుక్కుంటాయి. జలుబుకు వాడే సూడోఎఫెడ్రిన్ వంటి మందులు యాంఫెటమిన్ పరీక్షను తప్పుదారి పట్టించడం అందుకే.

రెండో మెట్టు గ్యాస్ క్రొమెటోగ్రఫీ - మాస్ స్పెక్ట్రోమెట్రీ. ఇందులో మొదట పదార్థాలను వేరుచేసి, తర్వాత ఒక్కొక్క అణువునూ ముక్కలు చేసి, ఆ ముక్కల బరువుల వరసను చూస్తారు. ఆ వరస వేలిముద్ర వంటిది. ఇది ఖరీదైనది, ఆలస్యమయ్యేది, కాని నమ్మదగినది. మొదటి మెట్టు దగ్గరే ఆగి ఒక మనిషి ఉద్యోగం తీసెయ్యడం సైన్సు కాదు, చట్టమూ ఒప్పదు.

ప్రతి పదార్థానికీ ఒక హద్దు అంకె ఉంటుంది. అమెరికా నియమాల్లో గంజాయికి మొదటి మెట్టులో మిల్లీలీటరుకు 50 నానోగ్రాములు, రెండో మెట్టులో 15. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. హద్దుకు తక్కువైతే నెగెటివ్ అనే రాస్తారు. కాబట్టి నెగెటివ్ అంటే 'అసలు లేదు' అని కాదు, 'హద్దు దాటలేదు' అని మాత్రమే.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి. మూత్ర పరీక్ష మనిషి ఇప్పుడు మత్తులో ఉన్నాడా లేదా అన్నది చెప్పదు. గంజాయిలోని మత్తు పదార్థం కొవ్వులో దాక్కుని మెల్లమెల్లగా బయటికొస్తుంది. ఎప్పుడో ఒకసారి పీల్చినవాడిలో మూడు రోజుల దాకా, రోజూ పీల్చేవాడిలో మూడు నాలుగు వారాల దాకా కూడా దాని అవశేషం కనిపించొచ్చు. కొకెయిన్ రెండు మూడు రోజుల్లో పోతుంది. మద్యం కొన్ని గంటల్లోనే పోతుంది. ఫలితమేమిటంటే, ఆదివారం పెళ్లిలో ఎవడో ఇచ్చిన గంజాయి పీల్చి బుధవారం శుభ్రంగా పనిచేస్తున్నవాడు దొరికిపోతాడు. రాత్రంతా తాగి, పొద్దున్న తల పగిలిపోతూ క్రేను ఎక్కినవాడు దొరక్కపోవచ్చు. ఈ తేడా గమనించే కాలిఫోర్నియా రాష్ట్రం 2024 జనవరి నుంచి, చాలా ఉద్యోగాల విషయంలో, మత్తులేని గంజాయి అవశేషం కనిపించిందన్న ఒక్క కారణంతో ఉద్యోగి మీద చర్య తీసుకోరాదని చట్టం చేసింది.

చిన్న లెక్క

అందరినీ వరసబెట్టి పరీక్ష చేస్తే పీడ వదులుతుంది కదా అని యాజమాన్యాలు అడుగుతుంటాయి. వారికి నేను కాగితం మీద వేసి చూపించే లెక్క ఇది. అంకెలు ఊహించినవే.

ఒక ఫ్యాక్టరీలో 1000 మంది ఉన్నారనుకోండి. నిజంగా మత్తు పదార్థం వాడేవారు 20 మంది. మన చేతిలోని కిట్టు వాడేవాళ్లలో 95 శాతాన్ని పట్టుకుంటుంది, వాడనివాళ్లలో 5 శాతాన్ని పొరపాటున పాజిటివ్ అంటుంది. వాడే 20 మందిలో 19 మంది దొరుకుతారు. వాడని 980 మందిలో 49 మంది కూడా దొరుకుతారు. మొత్తం 68 పాజిటివ్‌లు. వాటిలో నిజమైనవి 19. అంటే పట్టుబడ్డ ప్రతి పదిమందిలో ఏడుగురు నిరపరాధులే!

అదే కిట్టుతో, సరైన కారణాలుండి అనుమానించిన 40 మందికి మాత్రమే పరీక్ష చేశామనుకోండి. వారిలో సగం మంది నిజంగా వాడేవారే అనుకుంటే 19 నిజమైన పాజిటివ్‌లు, ఒక్కటి తప్పుడుది. కిట్టు మారలేదు, మారింది అనుమానం నాణ్యత. అనుమానం గట్టి ఆధారాల మీద నిలబడినప్పుడే పరీక్షకు విలువ. స్టాటిస్టిక్స్ లెక్చరర్లు దీన్ని బేస్ థియరమ్ అని బోర్డు మీద రాసేటప్పుడు పిల్లలు ఆవులిస్తారు. ఉద్యోగం పోయిన ఆ 49 మందికి మాత్రం ఆవులింత రాదు.

గసగసాలు, దగ్గుమందు, కల్లు

పాజిటివ్ అన్నది రెండో మెట్టులో కూడా ఖాయమైందనుకుందాం. అయినా కథ ముగియదు. మనింట్లో మసాలాలో వేసే గసగసాలు నల్లమందు మొక్క గింజలే. వాటిలో కొద్దిగా మార్ఫిన్ ఉంటుంది. యంత్రం మార్ఫిన్ అని చెప్పేది నిజమే, మనిషి మత్తుకు తిన్నాడన్నది మాత్రం అబద్ధం. ఈ చిక్కు వల్లనే అమెరికాలో 1998లో నల్లమందు జాతి పదార్థాల హద్దును 300 నానోగ్రాముల నుంచి 2000కు పెంచారు. కోడికూర తిన్న పాపానికి ఎవరూ హెరాయిన్ వాడకందారు కాకూడదు కదా! కోడీన్ ఉన్న దగ్గుమందు తాగినా ఒంట్లో అది కొంత మార్ఫిన్‌గా మారుతుంది.

మన ప్రాంతానికి ప్రత్యేకమైనది కల్తీ కల్లు. తాటికల్లు, ఈతకల్లు పేరుతో అమ్మేదాంట్లో అల్ప్రజోలం, డయజిపాం వంటి నిద్రమందులు కలపడం తెలంగాణలో ఏళ్లుగా నడుస్తున్న దుర్మార్గం. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. సాయంత్రం రెండు సీసాల కల్లు తాగే కూలీని పరీక్షిస్తే బెంజోడయజిపైన్ పాజిటివ్ వస్తుంది. ఆ పేరు కూడా అతనెన్నడూ విని ఉండడు. అంతేకాదు, నెలల తరబడి తెలియకుండానే ఆ మందుకు అలవాటుపడ్డవాడు ఒక్కసారిగా మానితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఫిట్స్ కూడా రావచ్చు. ఆ వణుకు చూసి "ఇవాళ వేసుకొచ్చాడు" అంటాం. నిజానికి ఇవాళ వేసుకోకపోవడం వల్లే వణుకుతున్నాడు.

అందుకే ల్యాబుకీ యాజమాన్యానికీ మధ్య ఒక డాక్టరు ఉండాలి. పాజిటివ్ రిపోర్టు మొదట ఆయన చేతికే వెళ్లాలి. ఆయన ఉద్యోగితో విడిగా మాట్లాడి, మందుల చీటీలు చూసి, తిండీ తాగుడూ అడిగి, అప్పుడు కంపెనీకి చెప్పాలి. మనవాళ్లు చాలామంది ఎగరగొట్టేసే మెట్టు ఇదే.

అనుమానం వచ్చినప్పుడు

ఇప్పుడు మొదట చెప్పిన ఫోర్‌మన్ దగ్గరికి వద్దాం. ఆయన చెయ్యవలసిన పనులు నా అనుభవంలో ఇవి.

మొదటిది, చూసింది చూసినట్టు రాయడం. 'తాగినట్టున్నాడు' అన్నది అభిప్రాయం. 'రాత్రి 10.40కి రెండో బే దగ్గర నడుస్తూ రెండుసార్లు గోడ పట్టుకున్నాడు, పేరు అడిగితే రెండోసారికి చెప్పాడు, నోటి నుంచి వాసన లేదు' అన్నది పరిశీలన. వీలైతే రెండో మనిషి కూడా విడిగా చూసి రాయాలి. కులం, వేషం, పాత తగాదా, 'ఫలానావాడు చెప్పాడు' అన్నవి అనుమానానికి కారణాలు కావు.

రెండోది, ఆ మనిషిని యంత్రం దగ్గర నుంచి తప్పించి, నలుగురిలో అల్లరి చెయ్యకుండా పక్కకు తీసుకెళ్లడం. అప్పటికప్పుడు బండి మీద ఇంటికి పంపకూడదు. దారిలో ఏమైనా అయితే పంపినవారిదే బాధ్యత.

మూడోది, పరీక్ష కన్నా ముందు వైద్యం. నేను పనిచేసిన ఒక ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టులో ఒక క్రేను ఆపరేటరు ఇలాగే తూలుతూ, అడిగినదానికి తిట్టాడు. సెక్యూరిటీవాళ్లు గేటు బయటికి నెట్టబోతుంటే ఫస్ట్ ఎయిడ్ గదిలోని నర్సమ్మ అడ్డుపడి వేలు గుచ్చి చూసింది. చక్కెర 41. షుగర్ మందు వేసుకుని, భోజనం డబ్బా తెరవకుండానే డ్యూటీ ఎక్కాడట. చెంచాతో పంచదార నీళ్లు పట్టించగా పావుగంటలో లేచి కూర్చుని "ఏమైందమ్మా?" అన్నాడు. గేటు బయట చీకట్లో పడేసి ఉంటే తెల్లారేసరికి ఏమయ్యేవాడో చెప్పనక్కర్లేదు. చక్కెర పడిపోవడం, తలకు దెబ్బ, పక్షవాతం, పెయింటు షాపులో ఆవిర్లు పీల్చడం, ఇవన్నీ తాగినట్టే కనిపిస్తాయి.

నాలుగోది, ముందే రాసిపెట్టిన నియమం. ఎప్పుడు, ఎవరికి, ఏ పరీక్ష, నిరాకరిస్తే ఏమవుతుంది అన్నవి ఉద్యోగంలో చేరేనాడే తెలుగులో అందరికీ తెలియాలి. మేనేజరుకూ, కూలీకీ ఒకే నియమం ఉండాలి. పరీక్షకు రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవాలి. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. మనిషి శరీరం నుంచి తీసే నమూనా విషయంలో ఆ మాట మరవకూడదు. అనుమానితుడు కోరితే తోటి ఉద్యోగినో, యూనియన్ ప్రతినిధినో పక్కన ఉండనివ్వడం మంచిది.

ఐదోది, నమూనా కాపలా. సీసాకు అతని ఎదుటే సీలు వెయ్యాలి, అతని సంతకం ఉండాలి. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎన్నింటికి మారిందో కాగితం మీద ఉండాలి. నమూనాను రెండు సీసాల్లో పోసి ఒకటి దాచాలి. ఉద్యోగి కాదంటే దాన్ని వేరే ల్యాబుకు పంపొచ్చు. మోసాలూ ఉంటాయి మరి, నీళ్లు కలపడం, వేరేవాళ్ల మూత్రం తేవడం. అందుకే అమెరికా పద్ధతిలో నాలుగు నిమిషాల లోపు సీసా వేడి చూస్తారు. 32 నుంచి 38 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య ఉండాలి.

పేరు అక్కర్లేని ఒక కంపెనీలో ఇవేవీ లేకుండా ఒక ఫిట్టరును కిట్టు పరీక్షతో తీసేశారు. సీసా మీద పేరు లేదు, రెండో పరీక్ష లేదు, సంజాయిషీ అడగలేదు. యూనియన్ తరఫున వచ్చిన లాయరు ఎంక్వైరీలో అడిగింది ఒక్కటే ప్రశ్న: "ఈ సీసా ఇతనిదేనని ఎవరు చెప్తారు?" ఎవరూ చెప్పలేకపోయారు. అతన్ని మళ్లీ తీసుకున్నారుగానీ, ఈలోపు ఏడు నెలలు ఆ ఇంట్లో జీతం లేదు, వీధిలో 'గంజాయి కేసు' అన్న పేరు మాత్రం మిగిలింది.

వాసన, తూలడం, తడబాటు మాత్రమే చాలవని మన సుప్రీంకోర్టు 1971లోనే చెప్పింది. బొంబాయి మద్యనిషేధ చట్టం కింద వచ్చిన బచ్చూభాయి హసనల్లీ కార్యానీ కేసులో, మద్యం తాగాడని తేల్చడానికి రక్త, మూత్ర పరీక్షలే ఆధారమంది. అది క్రిమినల్ కేసే అయినా, డొమెస్టిక్ ఎంక్వైరీ చేసేవాళ్లు గుర్తుంచుకోవలసిన మాట.

పాజిటివ్ ఖాయమయ్యాక

ఇక్కడ యాజమాన్యాలు రెండుగా చీలతాయి. 'తీసి పారెయ్' అనేవి ఒకటి, 'పోనీలే పాపం' అని కప్పెట్టేవి రెండోది. రెండూ తప్పే. తీసేసినవాడు పక్క ఫ్యాక్టరీలో అదే క్రేను ఎక్కుతాడు. కప్పెట్టినవాడు ఇక్కడే ఎవడి నెత్తిన్నో బరువు వదులుతాడు. విమానయాన నియమాలు మధ్యే మార్గం చూపించాయి. మొదటిసారి ఖాయమైతే డ్యూటీ నుంచి తప్పించి చికిత్సకు పంపాలి, కోలుకున్నట్టు తేలాకే తిరిగి తీసుకోవాలి. రెండోసారి అయితే లైసెన్సు మూడేళ్లు సస్పెన్షన్. మూడోసారి రద్దు. అమెరికా రవాణా రంగంలో తిరిగి పనిలోకి వచ్చినవాడికి మొదటి 12 నెలల్లో చెప్పకుండా కనీసం ఆరుసార్లు పరీక్ష చేస్తారు. దయా ఉంది, కాపలా కూడా ఉంది.

చట్టం కూడా చికిత్సకు తలుపు తెరిచే ఉంచింది. 1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టం ప్రకారం మత్తు పదార్థం వాడటం నేరమే. కాని వ్యసనపరుడు స్వచ్ఛందంగా గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు వెళితే సెక్షన్ 64-ఎ కింద ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ పొందొచ్చు. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మత్తు పదార్థాల వల్ల కలిగే మానసిక స్థితులను జబ్బుల్లోనే చేర్చింది. హైదరాబాదు ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. కేంద్ర ప్రభుత్వపు ఉచిత టెలిఫోన్ నంబరు 14446. ఈ నంబరు నోటీసు బోర్డు మీద రాసిపెట్టడానికి ఏ కంపెనీకీ ఖర్చు కాదు.

మరో మాట. పన్నెండు గంటల షిఫ్టులు వరసగా వేసి, ఓవర్‌టైము పేరుతో నిద్ర లాక్కుని, లారీ డ్రైవరు మెలకువగా ఉండటానికి ఏం మింగుతున్నాడని సీసా పట్టుకుని అడగడం న్యాయం కాదు. పరీక్ష చేసే హక్కు కావాలంటున్న యాజమాన్యం డ్యూటీ చార్టును కూడా పరీక్షకు పెట్టాలి.

విద్యార్థి మిత్రులకు చెప్పేది ఇదే. మీలో ల్యాబుకు వెళ్లేవారు రెండో పరీక్ష లేనిదే పాజిటివ్ అని సంతకం పెట్టకండి. ఆఫీసరయ్యేవారు అనుమానాన్ని కాగితం మీద పెట్టకుండా మనిషి మీద చెయ్యి వెయ్యకండి. పరీక్షకు నిలబడేవారు వాడుతున్న మందుల చీటీలు దగ్గర పెట్టుకోండి, ఏ కాగితం మీద సంతకం చేస్తున్నారో చదివి చెయ్యండి. హాస్టల్లో పక్క గది మిత్రుడు ఇప్పటికే ఆ దారిలో ఉంటే, ఏ కంపెనీ సీసా అతన్ని పట్టుకునేదాకా ఆగకండి. ఇవాళే పక్కన కూర్చుని మాట్లాడండి, అవసరమైతే డాక్టరు దగ్గరికి వెంట వెళ్లండి.